మేకకన్నులు

తిరుమలలో మహాద్వారము దాటి లోనికడుగిడిన యాత్రికునికి కుడిచేతివైపు మండపములో, తిరుమలదేవి చిన్నాదేవుల నడుమ, పొడవైన కుళ్లాయి ధరించి చేతులు మోడ్చి నిలిచిన కృష్ణదేవరాయల లోహమూర్తి కానవచ్చును. కానవచ్చుననుటయే గాని, వెనుకనుండి తోసికొనివచ్చు జనప్రవాహములో, "జరగండి, జరగండి" యను కేకల నడుమ, ఆ మూర్తిని నిలిచి చూచు భాగ్యము ఎందరికో కలుగదు. నాకును మెడ త్రిప్పి చూచినంతసేపే దక్కినది. అయినను, ఆ మోడ్చిన చేతులను చూచిన ప్రతిమారును, భగవంతుని యెదుట నింత వినయముగా నిలిచిన యీ మహారాజు తనకు తండ్రివలె నుండిన వృద్ధమంత్రి కన్నులు తీయించెనన్న కథ మనస్సులో మెదలక మానదు.

ఆ కథ మనకు ప్రధానముగా న్యూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుని వ్రాతవలన తెలియవచ్చినది. రాయలు 1529లో గతించిన కొలది యేండ్లకే విజయనగరమున మసలి, విన్నవియు కన్నవియు కూర్చి యతడు వ్రాసిన వృత్తాంతము, 1900లో రాబర్టు సూయెల్ ఇంగ్లీషున ప్రకటించినదాక మనవారి చేతికి రాలేదు. గుఱ్ఱములు బేరమాడుటకు వచ్చినవాని మాట యంతయు వేదవాక్కని నే ననను. కాని యతడు చెప్పిన రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో, రాజద్రోహమనగా నేమి, దానిని విచారింప నర్హుడెవ్వడు అను ప్రశ్న నిద్రపట్టనీయక వేధించును.

మొదటిది 1509 నాటిది. మరణశయ్యపై నున్న వీరనరసింహరాయలు మంత్రి సాళువ తిమ్మరుసును పిలిపించి, ఎనిమిదేండ్ల తన కుమారునికి పట్టము గట్టవలసినదనియు, తమ్ముడగు కృష్ణరాయలు అడ్డురాకుండ వాని కన్నులు తీయించి తనకు చూపవలసినదనియు ఆజ్ఞాపించెను. తిమ్మరుసు చిత్తమని వెడలి, కృష్ణరాయలను గుఱ్ఱపుసాలలోనికి చాటుగా తీసికొనిపోయి సంగతి చెప్పెను. ఆ యువకుడు తనకు రాజ్యము వలదనియు, జోగియై లోకమున తిరిగెదననియు, అన్నకు తా నే యపకారమును చేయలేదు గావున కన్నులు మాత్రము తీయవలదనియు వేడుకొనెనట. తిమ్మరుసు వానిని దాచి, ఒక మేకను తెప్పించి, దాని కన్నులు పెరికించి, కొనయూపిరితో నున్న రాజునకు చూపెను. రాజు తృప్తుడై కన్నుమూసెను. కృష్ణరాయలు సింహాసన మెక్కెను.

తెలుగునాట ఈ కథను విన్నవారెల్లరును, అప్పాజీ యని పిలువబడు తిమ్మరుసు యుక్తిని మెచ్చుకొనువారే. కాని క్షణకాలము ధర్మాసనముపై కూర్చుండి చూతము. తిన్న ఉప్పునకు ద్రోహము చేయక, ప్రభువు తుదియాజ్ఞను నెరవేర్పవలసిన మంత్రి, ఆ ప్రభువు మంచముచెంత నిలిచి, మేకకన్నులు చూపి, అబద్ధమాడి, ఆయన నియమించిన వారసుని త్రోసిపుచ్చి, మరియొకనికి రాజ్యమిచ్చెను. శాస్త్రముచేత చూచినను, లోకవ్యవహారముచేత చూచినను, దీనికి స్వామిద్రోహమనియే పేరు. ఆ ద్రోహము ఫలించినది గనుక దానికి విచారణ లేదు. ఫలించి మనకు రాయల యుగము నిచ్చినది గనుక దానికి పేరును లేదు. ఆ మాటకు వచ్చిన, రాయల సింహాసనమునకు పునాదియే మా చిత్తూరుసీమ ద్రోహము: చంద్రగిరి దుర్గాధిపతి సాళువ నరసింహుడు 1485లో సంగమవంశపు రాజును తొలగించి తానే రాజయ్యెను, ఇరువదియేండ్లకు వీరనరసింహుడు ఆ సాళువవంశమునకును అదే మర్యాద చేసెను. గెలిచినవాడు స్థాపకుడు, ఓడినవాడు ద్రోహి.

రెండవ ఘట్టము 1524 ప్రాంతమునది. రాయలు ఆరేండ్ల కుమారునికి, తిరుమలేశుని పేరే పెట్టుకొన్న తిరుమలరాయనికి, తా నుండగానే పట్టము గట్టి, తానే మంత్రివలె నుండి రాజ్యము నడిపెను. ఎనిమిది నెలలు ఉత్సవములు జరిగినవి; అంతలో బాలుడు జబ్బుపడి మరణించెను. విషము పెట్టినది తిమ్మరుసు కొడుకని రాయల చెవిని బడినది. ఎవరు చెప్పిరి? ఎవరు చూచిరి? వర్తకుడు చెప్పడు, రాయలును అడిగినట్లు కానరాదు. తిమ్మరుసును కొడుకులతోకూడ సభకు పిలిపించి, నా నమ్మకమును వమ్ము చేసితివని నిందించి, అప్పుడక్కడ నుండిన పోర్చుగీసువారి సాయముతో బంధించి కారాగారమున ద్రోసెను. ముఖ్యమంత్రిని పట్టుటకు పరదేశుల చేయి కావలసివచ్చిన దనగా, ఆ సభలో తిమ్మరుసు పలుకుబడి యెంతటిదో ఊహించుకొనవచ్చును. మూడవయేట కొడుకు తప్పించుకొని కొండలపాలై పోరాడి పట్టుబడగా, తండ్రిని ఇరువురు కొడుకులను వధ్యస్థానమునకు తెప్పించి కన్నులు తీయించిరి. ఈ దేశమున బ్రాహ్మణులను చంపరు, బ్రతికియుండునట్లు దండింతురని న్యూనిజ్ వివరణ.

ఈ వివరణ చదివినప్పుడు నాకు కౌటిల్యుడు జ్ఞప్తికి వచ్చినాడు. రాజ్యము కోరినవానిని, అంతఃపురముపై బడినవానిని, దుర్గమునో సైన్యమునో రేపినవానిని నిప్పుపెట్టి చంపవలయునని విధించి, ఆ ద్రోహి బ్రాహ్మణుడైనచో వానిని చీకటిలో ప్రవేశపెట్టవలయునని అర్థశాస్త్రము చెప్పినది. చీకటి యనగా చీకటికొట్టా, కన్నులు తీయుటయా అని పండితులు తర్జనభర్జన పడిరి. కొందరు చీకటికి బదులు నీరని చదివి, ముంచి చంపుటయే యనిరి. ఒక యక్షరముపై ఒకని కన్నులు ఆధారపడియుండుట శాస్త్రచర్చలో మాత్రమే సాధ్యము. అంతకంటె భయంకరమైనది ఆ గ్రంథమునందే మరియొకటి కలదు: బాహాటముగా దండింపరాని ప్రబలులైన మంత్రులను రహస్యముగా తుదముట్టించు ఉపాంశుదండము. విచారణ జరిపిన ద్రోహము బయటపడునో లేదో గాని, రాజు భయము బయటపడును గదా!

పాశ్చాత్యులు ఈ విషయమున మనకంటె ధర్మాత్ములని భ్రమపడ నక్కరలేదు. ఇంగ్లండున మూడవ ఎడ్వర్డు 1351లో చేసిన శాసనము రాజు మరణమును మనస్సున సంకల్పించుటయే మహాద్రోహమని నిర్ణయించినది. ఆ సంకల్పము ఏదో యొక బాహ్యకృత్యముచే వెల్లడి కావలయునని నియమమున్నను, భయపడిన రాజునకు మాటయు కృత్యముగా తోచును, మౌనమును కృత్యముగా తోచును. ఎనిమిదవ హెన్రీ తన్ను క్రైస్తవసంఘమునకు శిరస్సుగా ప్రకటించుకొన్నప్పుడు, సర్ థామస్ మోరు అవునని ప్రమాణము చేయలేదు, కాదనియు అనలేదు. మౌనము అంగీకారమనుట న్యాయసూత్రము గదా, నా మౌనమును ద్రోహమెట్లందురని 1535 జూలై మొదటి తేదీన వెస్ట్‌మినిస్టరు సభలో వాదించెను. రిచర్డు రిచ్ అను నొక్కడు, చెరసాలలో మోరు తనతో కాదనెనని సాక్ష్యమిచ్చెను, అంతటితో సరి. ఆరవ తేదీన మోరు తల తెగిపడినది.

1603లో వాల్టర్ రాలే విచారణ ఇంకను విచిత్రమైనది. లండనులో మహామారి యుండుటచే వించెస్టరులో సభ తీర్చిరి. కోభామ్ ప్రభువు వ్రాసియిచ్చిన నేరారోపణయే వాని మెడకు ఉరి. ఆ కోభామును నా యెదుట నిలువబెట్టుడు, నా మొగము చూచి ఆ మాట చెప్పుమనుడు అని రాలే మరల మరల కోరెను, న్యాయమూర్తులు ఒప్పుకొనలేదు. రాజుపక్షపు న్యాయవాది కోక్ నిండుసభలో వానిని దుర్భాషలాడెను. నిందితునికి తన తరఫున మాటాడ న్యాయవాది లేడు. శిక్ష విధించి, పదునైదేండ్లు తాత్సారము చేసి, 1618లో తల నరికిరి. ఆ విచారణ జరిగి దాదాపు శతాబ్దము గడచి, ఎందరివో తలలు దొర్లిన పిమ్మట, 1696లో గాని ద్రోహవిచారణలో నిందితునికి ఆరోపణపత్రపు ప్రతి నీయవలెననియు, న్యాయవాదిని పెట్టుకొననీయవలెననియు శాసనమున కెక్కలేదు. ఈ నడుమ రాజే ద్రోహియైన సంగతియు నొకటి కలదు. చంద్రగిరి రాయల సామంతుడగు దామెర్ల వేంకటాద్రి 1639లో ఇంగ్లీషు వర్తకులకు చెన్నపట్టణపు నేల నిచ్చినప్పుడు వారి రాజు మొదటి చార్లెసు; పదియేండ్లు తిరుగకమునుపే అతడు ద్రోహియని బోనునెక్కి, నన్ను విచారించుటకు మీ కెవ్వరిచ్చిరి అధికారమని ప్రశ్నించి, బదులు చెప్పననియే ప్రాణమిచ్చెను. ఆ ప్రశ్న అడుగవలసినవారు అంతకుమున్ను నూర్గురుండిరి; వారి మాట చార్లెసు పూర్వులు వినలేదు.

రాజునకు కలుగు భయము వట్టిదని నే ననజాలను. 1614లో విజయనగరాధీశుడు వేంకటపతిరాయలు గతింపగా, ఆయన నియమించిన శ్రీరంగరాయలను గొబ్బూరి జగ్గరాయడు వేలూరుకోటలో భార్యాబిడ్డలతోకూడ చంపించెను. చాకలివాడొకడు బట్టలమూటలో దాచి తెచ్చిన బాలుడొక్కడు మిగిలెను. ఆ బాలునికై వెలుగోటి యాచమనాయడు చేసిన యుద్ధములో దక్షిణదేశమంతయు అట్టుడికిపోయినది. రాజప్రాణము ఒక్కని ప్రాణము గాదనుట సత్యము. అయినను దొంగతనమునకు సొత్తుండును, హత్యకు శవముండును; ద్రోహమునకు ముఖ్యస్థానము మనస్సు. సొత్తు పోగొట్టుకొన్నవాడు న్యాయాసనమెక్కుట యెక్కడను లేదు. ద్రోహమందు మాత్రము బాధితుడే న్యాయమూర్తి, ఆ న్యాయమూర్తి చూడవలసినదో, కంటికి కానరానిది.

మనస్సును చూచువాడు అంతర్యామి యొక్కడే యని మన మతములన్నియు ఒక్కగొంతుతో పలుకును. పరుల కనిష్టము తలచుటను మనువు పాపముగానే గణించెను. కాని ఆ మానసికపాపమునకు ఫలము జన్మాంతరమున ననుభవింపవలసినదని చెప్పి, రాజు చేతినుండి దానిని తప్పించెను. మా జిల్లాలో ఈ సంగతి చదువురానివారికిని తెలియును. మాటకు మాట పెరిగి, సాక్షులు లేక, పంచాయతి తెగనప్పుడు, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అని యడుగుదురు. కోనేట మునిగి, తడిబట్టలతో వరసిద్ధి వినాయకుని యెదుట ప్రమాణము చేసినవానిని ఊరు విడిచిపెట్టును. వాడు అబద్ధమాడినచో చూచుకొనువాడు వేరొకడున్నాడని వారి నిశ్చింత. ఆ కోవెల ప్రక్కనే పారు బాహుద పేరునకు, అడుగకుండ పండు తిన్న లిఖితుడు రాజునొద్ద తప్పొప్పుకొని చేతులు నరికించుకొని, ఆ యేట మునిగి మరల పొందెనన్న కథ కారణము. చేతులు పోవుటకైనను అక్కడ తిన్న పండు కలదు, ఒప్పుకొన్న నోరు కలదు. తిమ్మరుసు కన్నులకు ఏది కలదు?

రాయలు ఇది యెరుగనివాడు కాడు. ఆముక్తమాల్యద నాలుగవ యాశ్వాసమున రాజనీతి చెప్పుచు, చావుశిక్ష పడినవానికి ముమ్మారు మొర పెట్టుకొన నవకాశ మీయవలయునని తానే వ్రాసెను. వెంటనే, తప్పించుకొన్నచో తనకే చేటు తెచ్చువానిని మాత్రము తడయక చంపవలయునని మినహాయింపు చేర్చెను. కారుణ్యమంతయు మొదటి మాటలో నున్నది, రాజ్యమంతయు రెండవ మాటలో నున్నది. అప్పాజీ ఆ మినహాయింపులో పడి చూపు కోల్పోయెను. ఆయన దోషియో నిర్దోషియో నే నెరుగను. దోషియే యైనను, ఆ శిక్ష అన్యాయమని నా తీర్పు. ఏలయన దోషమును తేల్చినవాడు కొడుకును పోగొట్టుకొన్న తండ్రి, ఆ తండ్రికి తోడు సాక్షి లేడు, ఎదురు ప్రశ్న లేదు. పుత్రశోకమును నేను తక్కువ చేయను. శోకించు తండ్రిని ఓదార్పవలసినదే గాని, ధర్మాసనముపై కూర్చుండబెట్టరాదు.

మేకకన్నులతో రక్షింపబడిన రాయలు పట్టమెక్కినవెంటనే చేసిన పని యొకటి న్యూనిజ్ చెప్పినాడు. అన్నకొడుకును, ఆ యెనిమిదేండ్ల బాలుని, తన ముగ్గురు సోదరులతోకూడ చంద్రగిరి దుర్గమునకు పంపి బంధించెను. వారు ఏ ద్రోహమును చేయలేదు. చేయగలవారుగా పుట్టిరి, అంతియే. సోదరులలో అచ్యుతరాయలు 1529లో ఆ కోట వెలుపలికి వచ్చి, తిరుమలలోను కాళహస్తిలోను అభిషిక్తుడై రాజ్యమేలెను. ఆయన విగ్రహమును తిరుమలలో రాయల మూర్తికి దగ్గరనే కలదు. అన్నకొడుకు మాత్రము చంద్రగిరిలోనే యుండి, అక్కడనే మరణించెను. న్యూనిజ్ చెప్పిన కథలో ఆ బాలునికి పేరు లేదు.