సందేహ మెవరి పాలు?

నేరము మోపబడినవాని విషయమున సందేహము కలిగినచో దాని లాభము ముద్దాయికే చెందవలెనని న్యాయస్థానములు చెప్పుచున్నవి. నేరస్థు డొకడు తప్పించుకొనిపోయినను సరే, నిరపరాధి చెరసాల పాలు గారాదని మన మనస్సులును ఒప్పుకొన్నవి. ముద్దాయియెడ నింతటి ఔదార్యమును జూపు సంఘము, కొలువులో ఆరోగ్యమును పోగొట్టుకొని యింటికి వచ్చిన సిపాయియెడ నెట్లు ప్రవర్తింపవలెను? సైనికుల వైకల్యపు పింఛనులను గూర్చిన అప్పీళ్ళలో ఇన్నేండ్లుగ నలుగుచున్న ప్రశ్న యిదియే.

గుండు తగిలి కాలు పోయినవానిని గూర్చి వాదము తక్కువ. మూర్ఛ, రక్తపుపోటు, హృద్రోగము, మనోవ్యాధి, వీనియందే చిక్కు. ఇవి కొలువు మూలమున వచ్చినవా, లేక ఇంటనున్నను వచ్చెడివా? పెక్కు సందర్భములలో వైద్యుడైనను నిశ్చయముగ చెప్పజాలడు. అయినను 1961 నాటి పింఛను నిబంధనలు ఈ ప్రశ్నపైననే నిలిచినవి. వైకల్యము సైనికసేవవలన కలిగినదో, దానిచే ముదిరినదో కావలెను. నూటికి ఇరువది పాళ్ళకు తక్కువ కారాదు. సేవతో సంబంధము లేదని వైద్యమండలి ఒక్క పంక్తి వ్రాసినచో సిపాయి వట్టిచేతులతో నిలుచును.

1985లో సిగ్నల్ దళమున చేరిన సిపాయి యొకడు తొమ్మిదేండ్లు పనిచేసి, మూర్ఛరోగము కారణముగ 1994లో ఇంటికి పంపబడెను. వైకల్యము ఇరువది పాళ్ళని లెక్కగట్టిన వైద్యమండలియే, అది సేవకు సంబంధించినది కాదనెను. ఎందుకు కాదో చెప్పలేదు. ఆతని వ్యాజ్యము 2013 జూలై 2వ తేదీన సుప్రీంకోర్టులో తీరినది. చేరునాటి పత్రములలో రోగము నమోదు కానిచో అప్పటి కాతడు ఆరోగ్యవంతుడే యనియు, పిదప కలిగిన క్షీణత సేవామూలమని భావింపవలెననియు, కాదనువారే ఋజువు చూపవలెననియు, మండలి కారణములు వ్రాయవలెననియు కోర్టు నిర్ణయించెను. ఇది కొత్తగా చూపిన దయ కాదు. 1982 నాటి అర్హతా నిబంధనలలో నున్న మాటయే. ఉన్న మాటను ఉన్నదనిపించుకొనుటకు ఒక మనుష్యుని జీవితమున పందొమ్మిదేండ్లు పట్టినవి.

ఈ తీర్పులోని ధర్మమును దివిసీమ రైతులకు వేరుగ బోధింప నక్కరలేదు. మంచి మాగాణిని, మంచిదని యొప్పుకొని పత్రము వ్రాసి కౌలుకు తీసికొన్నవాడు, తొమ్మిదేండ్ల పిదప దానిని చవుటినేలగ అప్పగించె ననుకొందము. కట్ట వేయుట, తూము తీయుట, నీరు పెట్టుట సర్వము వాని చేతిలోనివే. "ఇది నా మూలమున చవుడుబారలేదు, ఈ నేల తత్త్వమే అట్టిది" అని యాతడన్నచో, ఆ సంగతి నీవే ఋజువు చేయుమని పెద్దమనుష్యులు వానినే అడుగుదురు, భూమిగలవాని నడుగరు. సిపాయి శరీరమును సైన్యపు వైద్యులే పరీక్షించి తీసికొనిరి. ఆ శరీరము ఏ చలిలో కావలి కాయవలెనో, ఎన్ని గంటలు నిద్ర మానవలెనో ఆజ్ఞాపించినది సైన్యమే. కనుక తిరిగి అప్పగించునాటి లోపమునకు జవాబును సైన్యమే చెప్పవలెను.

కాగితముల సంగతియు నిట్టిదే. కృష్ణ సముద్రమున గలియుచోటికి చేరువనున్న పాలకాయతిప్పవంటి యూర నొక మాజీ సిపాయి యున్నా డనుకొందము. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూచిన సీమ యది. అచ్చట ఇంటి కాగితమునకు ఆయువెంత? ఆతని వైద్యచరిత్ర యుండునది దూరపు రికార్డు కార్యాలయమున. పింఛను లెక్కలు ప్రయాగరాజున. శాఖలో మొదటి అప్పీలు, రెండవ అప్పీలు ముగిసిన పిమ్మట, 2007 చట్టముచే ఏర్పడి 2009లో పని మొదలిడిన సాయుధదళముల ట్రిబ్యునలునకు పోవలెను. ఆంధ్రులకు దాని పీఠము చెన్నపట్టణమున నున్నది. ఋజువంతయు ఒకరి బీరువాలో నుండగా, దానిని తెమ్మని రెండవవాని నడుగుట యేమి న్యాయము?

ఇందు కెదురుగ చెప్పదగిన మాటయు గలదు, దానిని దాచుట తగదు. పింఛను ధనము అగ్గిపెట్టె కొన్న బీదవాడును చెల్లించిన పన్నులోనిది. వైకల్యపు పింఛనుతో విరమించువారి పాలు సిపాయిలలో కంటె అధికారులలో మిక్కిలి హెచ్చుగ నున్నదని కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికయే చూపినది. ఇట్టి చర్చల నడుమనే 2023లో రక్షణశాఖ అర్హతా నిబంధనలను మార్చినది. మోసమును అరికట్టవలసినదే. కాని సందేహలాభము వేరు, అసత్యలాభము వేరు. వైద్యమండలి శ్రద్ధగ పరీక్షించి, కారణములు వ్రాసి కాదన్నచో, ఆ నిర్ణయమును మన్నింపవచ్చును. మేము కాదనునది కారణము లేని నిరాకరణమును. అదియుగాక ఈ రెండు పొరపాటులును సమానములు గావు. అనర్హున కిచ్చిన రూకలను మరల రాబట్టుకొనవచ్చును. అర్హునకు నిరాకరించిన యేండ్లను ఎవరు మరల తేగలరు?

గృహస్థులు గమనింపవలసిన సంగతి మరియొకటి కలదు. ఇట్టి నిరాకరణములలో వ్యాధి "శరీరతత్త్వమువలన వచ్చినది" అను మాట తరచుగ వ్రాయబడును. కార్యాలయమున నది యొక పంక్తి మాత్రమే. ఊరికి చేరునప్పటి కది వంశముమీది నింద యగును. మూర్ఛ ఆ యింటి నెత్తురులోనే యున్నదని ఇరుగుపొరుగువారు గుసగుసలాడుదురు. చెల్లెలికి వచ్చిన సంబంధము తప్పిపోవును. రోగిని నిందించు దురాచారము మనది. దానికి ప్రభుత్వపు ముద్ర తోడగుచున్నది.

2014 డిసెంబరు 10వ తేదీన సుప్రీంకోర్టు, వైకల్యపు పాళ్ళను పైమెట్టునకు సవరించి లెక్కించు సౌకర్యము గడువు ముగియువరకు పనిచేసి విరమించినవారికిని చెందునని తీర్పు చెప్పి, ప్రభుత్వపు అప్పీళ్ళను వందలకొలది త్రోసివేసెను. 2013లో కాశ్మీరపు సరిహద్దున గస్తీ తిరుగుచు, కఠినమైన శీతోష్ణస్థితిలో ప్రాణము విడిచిన సైనికుని భార్యకు ట్రిబ్యునలు 2019లో పింఛను ఇప్పించినను, ప్రభుత్వ మామెను సుప్రీంకోర్టుదాక ఈడ్చినది. 2024 డిసెంబరులో ఆ కోర్టు ఏబదివేల రూపాయల ఖర్చులను విధించెను. గెలిచినవారి కథ లివి. బస్సుచార్జీకి వెనుదీసి, అప్పీలు మాట తలపెట్టనివారి కథలు తీర్పుల పుస్తకముల కెక్కవు. అప్పీలు చేయగలవానికి మాత్రమే దక్కునది హక్కు గాదు, జూదము. ఒకని విషయమున ధర్మము తేలినపుడు, అట్టివారందరికిని ప్రభుత్వము తనంత తానే దానిని వర్తింపజేయవలెను.

అంతవరకు చదువు వచ్చిన ప్రతి గృహమునకును ఒక చిన్న పని కలదు. నిరాకరణపత్రము వచ్చిన ఆరు నెలలలోగా మొదటి అప్పీలు చేయవలెను. పొరుగింటి మాజీ సిపాయికో, ఆతని వితంతువునకో ఆ యుత్తరమును చదివి వినిపింపుడు, తేదీ చూడుడు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమునకు తోడు వెళ్ళుడు. సందేహము ఎవరి పాలో కోర్టు తేల్చవచ్చును. గడువు దాటనీయకుండుట మాత్రము పొరుగువారి చేతిలోని పనియే.