కుర్చీలు ఎవరివి, జెండాలు ఎవరివి?

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

పార్టీలో చేరతానన్నావట, మీ నాన్న ఇల్లు పీకి పందిరేస్తున్నాడట. చేరు తల్లీ, నేను వద్దనను. కాకపోతే, అందరికీ ఓటుంది కాబట్టి పెద్దోళ్ల పెత్తనం దానంతటదే పోతుందని రాశావు చూడు, అక్కడే నాకు పేచీ.

1937 మద్రాసు ఎన్నికల్లో ఓటు చాలామందికి లేదు, ఆస్తో చదువో ఉండాలి. పోలింగ్‌లో కాంగ్రెస్ ఓట్ల పెట్టె రంగు పసుపు. జస్టిస్ పార్టీ నాయకుడు, అప్పటి ప్రధాని బొబ్బిలి రాజా (ఇప్పటి ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) సొంత బొబ్బిలిలోనే కార్మిక నాయకుడు వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. 215 సీట్లలో 159 కాంగ్రెస్‌కే. రాజు ఓడాడని జనం సంబరపడ్డారు. జమీందారీ రద్దు చట్టానికి మాత్రం 1948 దాకా ఆగాల్సి వచ్చింది. అందాకా ఓడినవాళ్ల భూములు వాళ్ల దగ్గరే ఉన్నాయి. కాలం చూసి ఖద్దరు తొడిగినవాళ్లూ ఉన్నారు.

1952లో వయోజనులందరికీ ఓటు. నిరక్షరాస్యులు తడబడకుండా ఒక్కో అభ్యర్థికి గుర్తు అంటించిన ఒక్కో పెట్టె పెట్టారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ నిషేధంలో ఉంది. అందుకని పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నల్గొండలో నిలబడిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఆయనా భూస్వామి ఇంట పుట్టినవాడే. పుట్టుకను బట్టి మనిషిని తూచకు.

1955 ఎన్నికల సంగతి మీ తరం మర్చిపోయింది. ఆంధ్ర రాష్ట్రంలో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు మాత్రం 196లో 15. అంతకు ముందు విడివిడిగా కొట్లాడుకున్న కాంగ్రెస్, ప్రజాపార్టీ, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి కృషికార్ లోక్ పార్టీ ఒక్కటై నిలబడ్డాయి మరి. ఉన్నవాళ్లు తగువులు పక్కనపెట్టి ఎంత త్వరగా కలుస్తారో చూశావా? లేనివాళ్లు అంత తేలిగ్గా కలవలేరు. కూలికి పోవాలి, అప్పు ఇచ్చినవాడి మొహం చూడాలి.

అందుకని నువ్వు చేరే పార్టీ మ్యానిఫెస్టో తర్వాత చదువు. ముందు మండల సమావేశానికి వెళ్లి ఓ మూల నిలబడు. ప్లాస్టిక్ కుర్చీల్లో ఎవరు కూర్చున్నారు, గుమ్మం బయట జెండా కర్రలు పట్టుకుని ఎవరు నిలబడ్డారు? టీ గాజు గ్లాసులో ఎవరికి, పేపరు కప్పులో ఎవరికి? టికెట్ల వేళ ‘ఖర్చు పెట్టుకోగలడా’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకు అవునన్న వాళ్లే చివరికి అభ్యర్థులవుతారు. ఓటుకు డబ్బు తీసుకున్న ముసలమ్మని తిట్టకు. ఇచ్చినవాడిని పేరుపెట్టి అడుగు. అది కష్టం, తెలుసు.

ఇక పనిలో దిగు. మీ వాడలో ఓటరు జాబితాలో పేరు లేనివాళ్లని వెతికి ఫారం 6 నింపించు. బూత్ కమిటీలో కూలికెళ్లే ఆడవాళ్లను కూర్చోబెట్టు, మీటింగ్ రాత్రి ఎనిమిదికి పెట్టు. పగలు పెడితే వాళ్లు రాలేరు. మీ నాన్నతో నేను మాట్లాడతాను.