విధవరాలు అడిగినది భిక్ష కాదు



లూకా సువిశేషం 18వ అధ్యాయంలోని విధవరాలిని మనం విసుగులేని ప్రార్థనకు ఆదర్శంగా చెప్పుకుంటాం. ప్రభువు ఆ కథ చెప్పింది అందుకే. అయితే ఆమె పోయింది న్యాయాధిపతి దగ్గరకు. అడిగింది భిక్ష కాదు, న్యాయం. మళ్ళీ మళ్ళీ పోయి సాధించుకుంది.

ప్రొద్దుటూరు మగ్గాల వీధుల్లో గాని, జమ్మలమడుగు నాపరాయి గనుల పక్క ఊళ్ళలో గాని, పులివెందుల చీనీతోటల కూలీల ఇళ్ళలో గాని, మాటరాని బిడ్డ, బుద్ధి నిదానంగా ఎదిగే బిడ్డ ఉన్న తల్లికి బడిలో "ఇంటిదగ్గరే పెట్టుకోమ్మా" అంటే తలవంచుకొని వచ్చేస్తుంది. ఎవరి పాపమో అని ఇరుగుపొరుగు గుసగుసలు. ఆ ప్రశ్నకు ప్రభువు యోహాను సువిశేషం 9వ అధ్యాయంలోనే జవాబు చెప్పాడు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుండి 14 ఏళ్ళ బిడ్డను సర్కారు బడి కాదనరాదు. సదరం సర్టిఫికెట్ ఇంకా రాలేదన్నది సాకు కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం, 40 శాతం వైకల్యమున్న బిడ్డకు 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య ఇచ్చింది. దగ్గరి బడి కావాలో, ప్రత్యేక పాఠశాల కావాలో ఎంచుకోవచ్చు. తీవ్ర వైకల్యముంటే ఇంటివద్ద చదువు కోరవచ్చని 2012 సవరణ చెబుతుంది. కోరవలసింది మనం. బిడ్డను వదిలించుకోమని బడికిచ్చిన దారి కాదది!

ఇటువంటి పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయులు ఎంతమంది ఉండాలో ప్రమాణాలు నిర్ణయించమని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించవలసి వచ్చింది. న్యాయస్థానానికే రెండుసార్లు చెప్పవలసి వస్తే, మనం ఒకసారి అడిగి ఊరుకుంటే ఎట్లా?

నోటిమాట వద్దు, అర్జీ రాయండి. హెడ్‌మాస్టరుకు, తర్వాత మండల విద్యాశాఖాధికారికి. నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి.  తృప్తి లేకుంటే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు. వకీలు ఫీజుకు భయపడవద్దు: 1987 న్యాయసేవల చట్టం కింద స్త్రీలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, కోర్టులో అడగండి. రాయడం రానివారికి విచారణలోని ఉపదేశి రాసిపెట్టవచ్చు.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. 2016 చట్టం గుర్తింపు పొందిన ప్రతి పాఠశాలకూ వర్తిస్తుంది. మన మేత్రాసనపు బడులు కూడా అందులోనివే. అక్కడా అదే అర్జీ ఇవ్వండి.