ప్రమాద మెవరిది?

సంస్కృతమున ప్రమాద మనగా ఏమరుపాటు, అజాగ్రత్త. తెలుగున ఆ మాటకే అపాయ మను నర్థము రూఢమైనది. మూలమున నది మనుష్యుని దోషమును జెప్పు పదము. మన వాడుకలో నది దైవికముగ వచ్చిపడిన యాపదను జెప్పు పదమైనది. తైత్తిరీయోపనిషత్తునందు, చదువు ముగించిన శిష్యునకు గురువు చేయు నుపదేశమున, ఏమరుపాటు కూడదను హెచ్చరిక మాటిమాటికి వినవచ్చును. అట్టి పదమునుండి మనము దోషమును దొలగించి, ఆపదను మాత్రము నిలుపుకొన్నాము. ఇది వట్టి నిఘంటు విషయము కాదు. కట్టడపు పనిలో విద్యుత్తు తగిలి యొక కూలి మరణించినపుడు ‘ప్రమాదవశమున మరణించెను’ అని వ్రాయుదుము. ఎవరి ప్రమాదవశమున? ఈ ప్రశ్ననే మేమిట విచారింపదలచితిమి.

గుంటూరునుండి చిలకలూరిపేటకు బోవు 16వ నంబరు జాతీయ రహదారిపై ఎడ్లపాడు కలదు. కొండవీడు ఆ మండలములోనిదే. పదునాల్గవ శతాబ్దమున, రెడ్డిరాజుల కాలమున, ఆ కొండపై గోడ లెత్తిన పనివానికి అపాయములు లేకపోలేదు. కాని యవి కంటికి గనబడునవి: జారు రాయి, లోతైన లోయ, తెగబోవు మోకు. తండ్రి కొడుకునకు వాటిని వ్రేలితో జూపి నేర్పవచ్చును. నేడు ఆ కొండక్రింద రహదారి వెంబడి ఇండ్లును గిడ్డంగులును గట్టుచున్న పనివానికి వేరొక యపాయము తోడైనది. అది కనబడదు; దానికి వాసన లేదు. తాకిన పిమ్మటనే తెలియును; తెలియునప్పటికి చేయి వశము దప్పియుండును. దీనికి తాతలనాటి యనుభవము చాలదు. దీనిని చదువువలననే యెరుగవలయును. కావున చదువు గలవాని బాధ్యత యిచటనే మొదలగుచున్నది.

పదవ తరగతి పిల్లలకు దెలిసిన లెక్క యొకటి చూతము. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. చెమటతోను సిమెంటు నీటితోను తడిసిన దేహపు నిరోధము సుమారు 1,000 ఓములనుకొందము. ఓము నియమము చొప్పున ఆ దేహమున బ్రవహించునది 230 మిల్లీయాంపియరులు. అందులో 10, 15 మిల్లీయాంపియరులకే కండరములు బిగిసి, పట్టిన తీగను చేయి వదలజాలదు. 30 దాటి కొంతసేపు నిలిచెనా, ఊపిరి కట్టుబడవచ్చును, గుండె లయ తప్పవచ్చును. ‘ఫ్యూజున్నది గదా’ యని గృహస్థు ధైర్యముగ నుండును. 15 యాంపియరుల ఫ్యూజనగా 15,000 మిల్లీయాంపియరులు! మనుష్యుని జంపజాలిన విద్యుత్తునకు అది కరుగనే కరుగదు. ఫ్యూజు కాపాడునది తీగను, మనుష్యుని గాదు. మనుష్యుని గాపాడు సాధనము వేరుగ నున్నది. దానిని ఆర్.సి.సి.బి. అందురు. పోయిన విద్యుత్తంతయు తిరిగి వచ్చుచున్నదా యని యది యెడతెగక చూచుచుండును. 30 మిల్లీయాంపియరుల తేడా కనబడినచో సెకనులో మూడవవంతు గడవకమునుపే ప్రవాహమును ద్రెంచును. దాని వెల కొలది వేల రూపాయలు.

ఇల్లు మొదలిడునపుడు మన మేమి చేయుదుము? సిద్ధాంతిని బిలిచి ముహూర్తము పెట్టింతుము. ఈశాన్య మెటు, సింహద్వార మెటు అని విచారింతుము. గోడలు లేవగనే దిష్టిబొమ్మను గట్టుదుము. పరుల చూపు గోడకు దగులకుండ నింత కావలి! కాంక్రీటు కలుపు యంత్రమునకు ఎర్తింగు కలదా, స్లాబు పోయునాడు తడికాంక్రీటులో దింపు వైబ్రేటరు తీగ యతుకులు లేనిదేనా, ప్లగ్గు లేక వట్టి తీగకొనలను రంధ్రములలో దూర్చి అగ్గిపుల్లలతో బిగించిరా, యని యడుగువా రరుదు. మేడప్రక్కగా బోవు 11,000 వోల్టుల తీగ మాటయు నంతే. కట్టడమునకు ప్రక్కన 1.2 మీటర్లు, పైని 3.7 మీటర్లు ఎడముండవలెనని నిబంధన. అది కదలని గోడకు జాలును. 12 మీటర్ల ఇనుపచువ్వను మేడపైకందుకొను మనుష్యునకు జాలదు. ఆ తీగకు మీ ఆర్.సి.సి.బి.యు అడ్డుపడదు. విద్యుత్తు సంస్థవారికి దెలిపి తీగను దూరముగ మార్పించుటయో, ఆ పని ముగియువరకు ప్రవాహము నాపించుటయో తప్ప వేరు తెరువు లేదు.

‘మాకేల? పనిని మేస్త్రీకి గుత్త కిచ్చితిమి’ అనువారు కలరు. గుత్తకు బోయినది పని; ధర్మము గుత్తకు బోవునది కాదు. ‘ఎంత చెప్పినను వారు వినరు, చేతితొడుగు లిచ్చిన బారవేయుదురు’ అనువారును గలరు. ఇందు సత్యము లేకపోలేదు. కాని తీగ బాగులేదని పని యాపినవానికి ఆనాటి కూలి దక్కునా? మరునాడు పిలుపు వచ్చునా? రానిచో, వాని తెగువ తెగువ కాదు, ఆకలి. తెలిసియు, సాధనముండియు, గర్వముచే దానిని ద్రోసిపుచ్చిన పనివానికి దోషములో వంతు గలదని మేమును ఒప్పుకొందుము. అయితే మన వంతు తీరిన పిమ్మటనే ఆ వంతు లెక్కింపదగును. తెలియనివాని యజ్ఞానము ఏమరుపాటు కాదు. మానలేనివాని నిస్సహాయత ఏమరుపాటు కాదు. ఎరిగి, మార్చగలిగియుండియు, మార్చనివాని యుపేక్షయే ప్రమాదము.

‘వాని వ్రాత యట్లున్నది’, ‘పెద్ద కట్టడము బలి గోరును’ అను మాటలు చదువుకొన్న యిండ్లలోను వినబడుచున్నవి. చేసినవాడే ఫల మనుభవించునని గదా కర్మసిద్ధాంతము చెప్పునది! ఇచట చేయవలసినదానిని మానినవాడొకడు, ఫల మనుభవించినవాడు వేరొకడు. దీనికి కర్మ యని పేరుపెట్టుట ఆ సిద్ధాంతమునకే యవమానము.

చట్టము చూచుకొనునందురా? 1996లో పార్లమెంటు కట్టడపు పనివారికై చట్టము చేసెను. అది 10 మందికి తక్కువ పనివారున్న చోట్లను, 10 లక్షల రూపాయలకు మించని సొంత యింటి పనిని విడిచిపెట్టెను. చట్టము ఏ గడపకడ వెనుదిరుగునో, అచట గృహస్థధర్మము ఎదురు రావలయును.

మేము కోరునది గొప్ప త్యాగము కాదు. పని మొదలగుటకు ముందే మీటరుకడ ఆర్.సి.సి.బి. పెట్టింపుడు, తరచుగ దాని పరీక్షబొత్తమును నొక్కి చూడుడు. యంత్రములకు ఎర్తింగు చేయింపుడు. తీగలు నీటిలో నానకుండ కర్రలపై నెత్తుగ గట్టింపుడు. తీగ చెడెనని పని యాపినవాని కూలి తెగదని తొలినాడే మేస్త్రీ యెదుట అందరికిని చెప్పుడు. పదవ తరగతి చదువు కొడుకో కూతురో ఇంటనున్నచో, పనివారు మధ్యాహ్నము సద్దిమూటలు విప్పు వేళ వారి నడుమ కూర్చుండి ఈ లెక్కను వివరింపనిండు. విద్యుత్తు పట్టినవానిని తాకరాదనియు, మొదట మెయిను స్విచ్చి నాపవలెననియు, పెద్దతీగయైనచో దరికే పోక సంస్థవారిచే ప్రవాహమును ఆపింపవలెననియు, విద్యుత్తు తొలగిన పిమ్మట ఊపిరి లేనిచో 108కి కబురుచేసి, సాయము వచ్చువరకు రొమ్మును నొక్కుచుండవలెననియు చెప్పనిండు. పిల్లల చదువునకు ఇంతకన్న మంచి వినియోగము మాకు దోపదు.

గృహప్రవేశమునాడు మేస్త్రీకిని పనివారికిని క్రొత్తబట్టలు పెట్టు మంచి యాచారము మనకు గలదు. పునాది త్రవ్వినప్పుడు వచ్చినవారందరును ఆనాడు వచ్చి వాటిని స్వహస్తములతో అందుకొనవలయును. వారిలో నొకడు తగ్గి, అతని బట్టలను అతని భార్య అందుకొనవలసివచ్చినచో, అప్పుడును మనము ప్రమాదమనియే చెప్పుకొందుము. చెప్పుకొనుటలో తప్పులేదు; ఆ మాటకు సంస్కృతమున నున్న యర్థమును మాత్రము మరువకుందుము గాక.