పరీక్ష

పరీక్ష యను మాట నిత్యము మన నోట నున్నదే కాని, దాని యర్థమును విచారించువా రరుదు. ‘పరి’ యనఁగాఁ జుట్టును. ‘ఈక్ష్’ ధాతువునకుఁ జూచుట యని యర్థము. కావున నలుదెసలనుండి చక్కఁగాఁ జూచుటయే పరీక్ష. గర్భమందుఁ దాను జూచిన పురుషుఁ డెవ్వఁడో యని కనఁబడిన ప్రతిమనుష్యునియందును వెదకినందున నభిమన్యుపుత్రునకుఁ బరీక్షిత్తను పేరు కలిగెనని భాగవతము చెప్పుచున్నది.

1857వ సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయమును, దాని పరీక్షలును వెలసిన పిమ్మట, ఈ మాట క్రమముగా మన యిండ్లలో భయమునకు మాఱుపేరయ్యెను. మూఁడు గంటల వ్రాఁత యొక్క వైపు చూపు మాత్రమే. అందు బిడ్డ యొక్క సత్యమును, దయయు, ఓర్పును గానవచ్చునా? ‘పరీక్ష తప్పినాఁడు’ అందుము. ఇచ్చటఁ దప్పుట యనఁగా గుఱి చేరకుండుట. దానినే తప్పు చేయుటగా నెంచి దూషించి, పసివారిని బ్రాణములపై నాశ విడుచునంతటి దుఃఖమునఁ ద్రోయుచున్నాము.

ఫలితములు వెలువడిన దినమున తలిదండ్రులు ముందుగాఁ దమ్ముఁ దాము పరీక్షించుకొనవలెను: మన బిడ్డను నలుదెసలఁ జూచితిమా? సర్వమును జూచువాఁ డొక్కఁడే. ఆయన మన చూపును సయితము చూచుచున్నాఁడు.