మూడవ కృష్ణుడు

న్యూయార్కులోని వర్జీనియా నాటకశాలలో 1988 ఏప్రిలు నెల చివర నొక రాత్రి, ఒక క్రొత్త సంగీతనాటకపు మొట్టమొదటి ముందస్తు ప్రదర్శనము ముగిసి దీపములన్నియు ఆరిపోగానే, ఆ చీకటిలో నుండి ఛీత్కారములును కరతాళధ్వనులును ఒక్కమారుగ వినవచ్చినవి. అంతలో మరల వెలుగు వచ్చి, కథలో అప్పుడే ప్రాణములు విడిచిన తల్లియు కూతురును వందనము చేయుటకై లేచి నిలుచునప్పటికి, శాల యెల్ల తానును లేచి నిలిచి హర్షధ్వానములు సలిపెను. ఒక్క నిమిషము క్రిందట ఛీకొట్టిన గొంతులలో కొన్నియైనను ఈ హర్షధ్వానములలో కలిసి యుండకపోవు. ఆ నాటకము పేరు 'కారీ'. మే 12వ తేదీన లాంఛనముగ ఆరంభమై 15వ తేదీకి మూతపడెను: 16 ముందస్తు ప్రదర్శనలు, 5 అసలు ప్రదర్శనలు, 70 లక్షల డాలర్లకు మించిన వ్యయము. పత్రికలవారు దానిని చీల్చి చెండాడిరి. పెట్టుబడి పెట్టినవారు చేతులు దులుపుకొనిరి. లెక్కలు చూచుకొనువారికి కథ యింతటితో సరి. నా మనస్సు మాత్రము ఆ చీకటి నిమిషమును విడువకున్నది. ఏలయన రసము ఎక్కడ నుండును, ఎవరికి పుట్టును అని మన యాలంకారికులు శతాబ్దముల తరబడి తర్కించిన ప్రశ్న ఆ నిమిషమున మరల లేచి కూర్చున్నది.

కథ అందరును ఎరిగినదే. స్టీఫెన్ కింగ్ 1974లో వెలువరించిన నవల 1976లో బ్రయన్ డి పాల్మా చేతిలో చలనచిత్రమై లోకమెల్ల నాడెను. ఆ చిత్రమునకు వ్రాసిన లారెన్స్ కోహెనే నాటకమునకును వ్రాయగా, మైకేల్ గోర్ బాణీలు కట్టెను, డీన్ పిచ్‌ఫర్డ్ పాటలు కూర్చెను. రాయల్ షేక్స్పియర్ కంపెనీవారు టెర్రీ హాండ్స్ దర్శకత్వమున 1988 ఫిబ్రవరిలో షేక్స్పియరు పుట్టిన స్ట్రాట్‌ఫర్డు పట్టణముననే దానిని తొలుత నాడించి, పిదప సముద్రము దాటించిరి. మతోన్మాదము తలకెక్కిన తల్లి, ఆమె నీడలో బెదరి పెరిగిన కారీ యను బాలిక, తోటి పిల్లల యెగతాళి, చూపుతోనే వస్తువులను కదలింపగల యొక వింతశక్తి. బడిలో నాట్యోత్సవమునాడు ఆ పిల్లకు కిరీటము పెట్టి, పైనుండి బొక్కెనతో పందినెత్తురు గ్రుమ్మరించుట. ఆ యవమానము అగ్నియై చుట్టుపట్ల వారిని కాల్చివేయుట. దీనికి పాటలా యని ముక్కున వేలు వేసుకొన్నవారిని నేను తప్పుపట్టను. కాని బీభత్సమునకు పాట తగదను నియమము మనకు లేదు. కాటిసీనులో హరిశ్చంద్రుడు చితుల నడుమ రాగము తీయగా తెల్లవార్లు కూర్చుండి విన్న జాతి మనది.

లోకము భిన్నరుచి యని యొక మాట చెప్పి లేచిపోవచ్చును. ఆవకాయ విషయమున ఆ మాట చాలును. ఒకే మనుష్యుడు ఒకే కుర్చీలో ఛీకొట్టి, మరునిమిషమున నిలుచుండి చేతులు చరచుటకు రుచిభేదము సమాధానము కానేరదు. రెండుమారులును ఆ నాలుక యొక్కటియే గదా.

భరతుడు ఈ చిక్కును నాట్యశాస్త్రపు మొదటి యధ్యాయముననే ఎదుర్కొనెను. ఇంద్రధ్వజోత్సవమున ఆడిన తొట్టతొలి నాటకములో దైత్యుల పరాజయమే కథావస్తువు. దేవతలు మెచ్చి నటులకు కానుకలిచ్చిరి. దైత్యులు విరూపాక్షుడను నాయకుని ముందిడుకొని విఘ్నములను పురికొల్పి, నటుల మాటను, కదలికను, జ్ఞాపకమును సైతము స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజదండము నెత్తి విఘ్నములను మోదెను. విశ్వకర్మ శాల కట్టెను. ఆ శాలకు మూలమూలను దేవతలు కావలి నిలిచిరి. ఇంత చేసియు చాలక, తుదకు బ్రహ్మయే దిగివచ్చి దైత్యులతో సామముగ మాటాడవలసివచ్చెను. ఇందులో మీ మంచిచెడ్డలును దేవతల మంచిచెడ్డలును కూడ నుండును, నాట్యమనునది ముల్లోకముల భావములకు అనుకీర్తనము సుమా, అని ఆయన చెప్పినదాని సారము. లోకములో మొదటి నాటకమునకు వచ్చిన ప్రేక్షకులే రెండు చీలికలైరి. నాట్యమనగా నేమి యను నిర్వచనము ఆ చీలిక నుండియే పుట్టినది. మన పండితులు దీనిని పౌరాణికమని దాటిపోవుదురు గాని, నాకిది శాస్త్రములోని మొదటి సూత్రమువలె తోచును. దైత్యుడు రంగస్థలము మీద తన ముఖమును వెదకుకొనెను. అది దొరకినది, దొరకుటచేతనే రసము జారిపోయినది.

కాశ్మీరమున అభినవగుప్తుడు వేయేండ్ల క్రిందట రసవిఘ్నములను ఏడుగా లెక్కించెను. అందొకటి ప్రతీత్యుపాయవైకల్యము, అనగా భావమును మనకు చేర్పవలసిన సాధనమే చెడిపోవుట. 'కారీ'లో దీనికి కొదువలేదు. స్ట్రాట్‌ఫర్డులో తల్లి పాత్ర ధరించిన ప్రసిద్ధగాయని బార్బరా కుక్ తలను రంగసామగ్రి యొకటి వెంట్రుకవాసిలో తప్పిపోయెను. ఆమె ఆ యూరి ప్రదర్శనలతోనే ఆ పాత్రకు స్వస్తి చెప్పెను. కథకంతకు పట్టుకొమ్మయైన నెత్తుటి ఘట్టమున మరియొక యిక్కట్టు. బాలిక పాడవలెను, పాట శాల చివరి వరుసకు వినబడుటకు ఒంటిమీద మైకు ఉండవలెను, నెత్తురు నిండుగ గ్రుమ్మరించినచో మైకు మూగబోవును. వెండితెర మీద ధారగ దిగి కన్నులను కప్పిన నెత్తురు మనస్సులో నుంచుకొని వచ్చినవాడు, ఇచట పిల్ల తడియకపోవుట చూచి నవ్వెనన్న ఆశ్చర్యమేమి? ఈ విఘ్నము సులభము. నటకుల వలన పుట్టినది, నటకులే తీర్చుకొనవలసినది. పందులను చంపబోవు పిల్లల ఆటపాట గల ఘట్టము నాటకము మూతపడిన పిదపను ఏండ్ల తరబడి నవ్వులపాలగుట కూడ ఈ లెక్కలోనిదే. దానిని వెనుకవేసికొని వచ్చుటకు నాకు ధైర్యము చాలదు.

కాని అభినవగుప్తుడు చెప్పిన మరియొక విఘ్నము, నిజసుఖాదివివశీభావము, అనగా ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు లొంగిపోయి యుండుట, నటకుల చేతిలోనిది కాదు. ఇచట నాకొక సందేహము పుట్టినది. హృదయమున అనాదిగ వాసన యున్నవానికే రసము పుట్టునని ఆయనయే చెప్పెను గదా. చిత్రమును ముందే చూచి, దానిని ప్రేమించి వచ్చినవాని హృదయమున సంస్కారము పుష్కలముగ నుండును. వానికి రసము మరింత సులభము కావలదా? వాడే మొదట ఛీకొట్టుట ఎట్లు?

తార్కికులు దీనికి దారి చూపినారు. సంస్కారము మాత్రమే కారణముగ పుట్టిన జ్ఞానము స్మృతి. సంస్కారమునకు ఎదుట నున్న వస్తువు కూడ తోడయినచో అది ప్రత్యభిజ్ఞ, మునుపు చూచిన దేవదత్తుడే వీడని గుర్తుపట్టుట. భయము, లజ్జ, తల్లి యెడల ప్రేమ మొదలగు వాసనలకు ఊరు లేదు, పేరు లేదు, ముఖము లేదు. స్మృతికి మూడును కలవు. చిత్రమును చూచి వచ్చిన ప్రేక్షకుడు మనస్సున మోసికొని వచ్చినది లజ్జ కాదు, చిత్రములో కారీ పాత్ర ధరించిన సిస్సీ స్పేసెక్ కన్నులు. అతడు కుర్చీలో కూర్చుండినది మొదలు ముగింపు దాక చేసిన పని రసాస్వాదనము కాదు, గుర్తుపట్టుట. ఎదుట నున్నదేమో లింజీ హేట్లీ యను పదునేడేండ్ల ఆంగ్లబాలిక. ఆమె ఎంత పాడినను అతని తీర్పు ఒక్కటియే: ఈమె ఆమె కాదు. దేవదత్తుడు దొరకని ప్రత్యభిజ్ఞ అది, క్షణక్షణమును తప్పిపోవునది.

ఇందులో విధి చేసిన వినోదమొకటి కలదు. బార్బరా కుక్ విడిచిన తల్లి పాత్రను న్యూయార్కులో ధరించినది బెట్టీ బక్లీ. ఈమెయే 1976 నాటి చిత్రములో కారీని చేరదీసి కన్నీరు తుడిచిన వ్యాయామోపాధ్యాయిని! గుర్తుపట్టుటకే వచ్చినవానికి ఇచట నిజముగనే గుర్తుపట్టదగిన ముఖమొకటి దొరకినది, కాని అది నాడు కాచిన చేయి, నేడు కొట్టుచున్నది. బక్లీయు హేట్లీయు పాడుకొన్న తల్లీకూతుళ్ల పాటలను మాత్రము నాటకమును తూర్పారబట్టినవారిలో పెక్కురు సైతము వదలిపెట్టిరి. ముఖమును బట్టి వేసికొన్న లెక్క తలక్రిందులగుట వలన ప్రేక్షకుడు వెదకుట మానియుండెనేమో. వెదకుట మానినచోటనే వాసన మేల్కొనును.

ఆ పాటలలో ఒకటి మనకు మరింత దగ్గర. బడి స్నానాలగదిలో తొలిసారి రజస్వలయై, అదేమో తెలియక చచ్చిపోవుచున్నాననుకొని ఏడ్చి యింటికి వచ్చిన బిడ్డకు తల్లి చెప్పినది ఓదార్పు కాదు, పాపమని. ఆదిస్త్రీయైన ఈవ్ చేసిన పాపమునకు ఇది శిక్ష యని పాడి, ప్రార్థించుమని బిడ్డను చీకటిలో మూసిపెట్టును. క్రైస్తవము నెరుగని తెలుగు ముదుసలి యొకతె ఈ ఘట్టమును చూచిన, బైబిలు ప్రసక్తి ఆమెకు అందకపోవచ్చును గాని, బయట చేరిన పిల్లను మూల కూర్చుండబెట్టి, చాప వేరు, చెంబు వేరు చేసి, ఎవ్వరిని తాకవద్దన్న యింటిలో పెరిగినది గావున ఆ మూసిన తలుపు ఎక్కడిదో వెంటనే ఎరుగును. అమెరికాలోని యూరు గాని, ఆ మతము గాని, స్పేసెక్ ముఖము గాని ఆమెకు అవసరము లేదు. భట్టనాయకుడు సాధారణీకరణమన్నది ఇదియే. ధర్మము పేరిట బిడ్డ దేహమును అసహ్యించుకొను తల్లి ప్రేమ ప్రేమయేనా యను ప్రశ్న, కథ భయానకమై పందినెత్తురు దాక పోకమునుపే, ఈ తలుపు దగ్గర సంపూర్ణముగ అడుగబడినది.

ఇక ఆ చీకటి నిమిషము. నాకు తోచినది చెప్పెదను, పండితులు కాదనినను సరే. దీపములారినప్పుడు ఛీకొట్టినవాడు ఇంకను పోల్చుచునే యుండెను. వానికి ఎదుట నున్నది చిత్రములోని కారీ కాని కారీ. దీపములు వెలిగి ఆ పిల్ల లేచి తల వంచినప్పుడు, ఆ రాత్రి అంతటిలో మొదటిసారిగ ఆమె మరియొకతె కానక్కరలేకపోయెను. ఈమె ఈమెయే. పోల్చుటకు ఇక నేమియు లేదు. నాటకమంతయు గొంతు చించుకొని, చెమటోడ్చి నిలిచిన యొక పిల్ల కలదు, అంతే. వాడు లేచి చేతులు చరచెను. అది రసమని నేననను. శ్రమకు చెల్లించిన కృతజ్ఞత. భరతుడు సైతము ఈ రెంటిని వేరుచేసెను: చిరునవ్వులు, సాధువాదములు, లేచి నిలుచుట, వస్త్రములు విసరుట మానుషసిద్ధి, శాల నిండియుండియు సద్దు పుట్టకుండుట, ఏ కలతయు లేకుండుట దైవసిద్ధి. శత్రుపక్షమువారు పెద్దగ చప్పట్లు కొట్టుట, పేడయు మట్టిబెడ్డలును విసరుట గూడ ఆ ప్రకరణములోనే యున్నవి గావున, ఆయన నాటకశాలలను బాగుగ చూచినవాడే. ఆ రాత్రి వర్జీనియా శాలలో ఛీకొట్టినవారికి గాని మెచ్చినవారికి గాని దైవసిద్ధి దక్కలేదు. మూసిన తలుపు దగ్గర కొన్ని క్షణములు దక్కియుండునేమో.

ఈ నాటకమునే దాని కర్తలు 2012లో న్యూయార్కుననే చిన్నశాలలో మరల దిద్ది, కొన్ని పాటలు తీసి కొన్ని చేర్చి ఆడించిరి. దిద్దినది చక్కగ కుదిరెనా లేదా యనుట ఇచట నా పని కాదు. అప్పటికి ప్రేక్షకులు మోసికొని వచ్చు స్మృతులు రెండయినవి: చిత్రమొకటి, 1988 నాటి అపఖ్యాతి మరియొకటి. అపఖ్యాతికి సైతము ముఖముండును.

దూరదేశపు ప్రేక్షకుల మీద ఇంతసేపు తీర్పు తీర్చితిని గాని, ఆ దోషము నాకు క్రొత్త కాదు. తెనాలి ప్రాంతమున మా అమ్మమ్మగారి పల్లెలో, కోతలైన పొలములో పందిరి వేసి, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయములు ఆడించిన రాత్రి నాకు ఎనిమిదేండ్లు. అంతకు కొన్ని నెలల ముందు టూరింగు టాకీసులో 'మాయాబజార్' చూచి, కృష్ణుడనగా రామారావని స్థిరపరచుకొని యుంటిని. పడకసీనుకు తెర లేచినది. మంచము మీద పొట్టిమెడ, నిండుపొట్ట, ఏబదియేండ్ల నడివయస్సు. నాకు ఏడుపు వచ్చినంత పని అయినది. చుట్టుపట్ల వన్స్‌మోరులు, హార్మణీ వాయించునాయన పద్యము చివరి చరణమును మరల నందుకొనుట, నేను మాత్రము ఆ పొట్టనే చూచుచుంటిని. రాయబారమునకు వచ్చునప్పటికి కృష్ణుడే మారిపోయెను. మా ప్రాంతమున అది ఆచారమే: ఒక్క ఘట్టమునకు పేరుబడిన నటకుని ఆ ఘట్టమునకే పిలిపింతురు. ఈ రెండవయాయన సన్నగ, పొడవుగ నుండెను.

"తాతయ్యా, కృష్ణుడు మారిపోయాడేంటి?" అని అడిగితిని.

"ఎక్కడ మారాడురా? కిరీటం ఉందిగా!" అని ఆయన నా మాటను దోమవలె తోలివేసి, చుట్ట చివరను నేలకు రుద్ది ఆర్పి, పద్యమునకు చెవి యొగ్గెను.

తెల్లవారుజామున యుద్ధఘట్టమునకు మూడవ కృష్ణుడు వచ్చెను. జలుబు చేసిన గొంతు; నీలిరంగు చెమటకు చెవుల దగ్గర కారిపోయి, లోపలి చామనచాయ బయటపడుచుండెను; పెట్రోమాక్సు దీపములలో ఒకటి అప్పటికే కొండెక్కినది. గోనెపట్టా మీద ముడుచుకొని పడుకొన్న మా తాతయ్య తెర చప్పుడునకు లేచి, కండువా భుజము మీద సవరించుకొని, చేతులు జోడించెను. నేనింకను రామారావు కొరకు చూచుచుంటిని.