జెనీవా కారు, నాగసేనుడి రథం

జెనీవా విమానాశ్రయంలో దిగినవాళ్లకు బయటికి రెండు దారులున్నాయి. ఒకటి స్విట్జర్లాండ్‌లోకి, రెండోది ఫ్రాన్స్‌లోకి. భవనం ఒక్కటే, అది నిలబడ్డ నేల స్విట్జర్లాండ్‌ది. రన్‌వే మాత్రం ఫ్రాన్స్ సరిహద్దును ఒరుసుకుంటూ పోతుంది. దాన్ని పొడిగించుకోవడానికి 1956లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని కొంత నేల ఇచ్చిపుచ్చుకున్నాయి. ఫ్రెంచ్ సెక్టార్ అనే భాగం నుంచి ఫెర్నే-వోల్టేర్ అనే ఫ్రెంచ్ ఊరికి కంచె వేసిన రోడ్డు ఒకటి ఉంది. ఆ రోడ్డున పోతే స్విస్ కస్టమ్స్‌తో పని పడదు.

ఆల్ప్స్‌లో స్కీయింగ్‌కి వచ్చేవాళ్లలో చాలామంది కారు అద్దెకు తీసుకునేది ఇక్కడే. తిరకాసు మొదలయ్యేదీ ఇక్కడే. రెండు వైపులా కౌంటర్లున్నాయి. అదే కంపెనీ, అదే మోడల్, ఒక్కోసారి రంగు కూడా అదే. ఫ్రాన్స్ వైపు అద్దె తరచూ తక్కువ. చవగ్గా వచ్చింది కదా అని అక్కడ తీసుకుని షామొనీ బయల్దేరిన మనిషి బయటపడేది ఫ్రాన్స్‌లోనే. కానీ దగ్గరి దారి మళ్లీ జెనీవా పక్కనుంచి, అంటే స్విస్ మోటార్‌వే మీదుగానే పోతుంది. ఆ రోడ్డెక్కాలంటే 40 ఫ్రాంకుల విన్యెట్ ఉండాలి. ముందు అద్దానికి లోపలినుంచి అంటించే చిన్న స్టిక్కర్ అది. 2023 ఆగస్టు నుంచి నంబర్ ప్లేటు మీద ఆన్‌లైన్‌లో కూడా కొనుక్కోవచ్చు. లేకుండా దొరికితే 200 ఫ్రాంకుల జరిమానా, దాంతోపాటు విన్యెట్ ధర కూడా కట్టాలి. స్విస్ వైపు తీసుకున్న కారుకు ఆ స్టిక్కర్ ముందే ఉంటుంది. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ బీప్ వినడానికి అలవాటుపడ్డ మనవాళ్లకు గేటే లేని ఈ టోలు మొదట్లో అంతుపట్టదు.

టైర్ల సంగతి ఇంకా విచిత్రం. చలికాలపు టైర్లు తప్పనిసరి అనే సాధారణ చట్టం స్విట్జర్లాండ్‌లో లేదు. అయినా అక్కడి అద్దెకార్లకు చలికాలంలో అవే ఉంటాయి. ఫ్రాన్స్‌లో 2021 నుంచి చట్టం ఉంది. నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా, కొండ ప్రాంతాల్లో గుర్తించిన ఊళ్లలోకి పోవాలంటే చలికాలపు టైర్లు వేయించాలి, లేదా డిక్కీలో గొలుసులు ఉంచుకోవాలి. చట్టం ఉన్న చోట తీసుకున్న కారుకు ఆ టైర్లు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే అడిగి తెలుసుకోవడం మంచిది. తరచూ వాటికి విడిగా డబ్బు కట్టాల్సి వస్తుంది.

ఇక మూడో మెలిక. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉద్యోగం చేసుకునే ఒక తెలుగు ఇంజనీరు, హైదరాబాద్ నుంచి వచ్చిన ఆయన బావగారు కలిసి జెనీవాలో దిగారనుకుందాం. స్విస్ ప్లేటున్న కారును బావగారు తన పేరున తీసుకుని ఫ్రాన్స్‌లోకి నడుపుకుపోవచ్చు. ఆయన జేబులో కావలసినవి షెంగెన్ వీసా, మన లైసెన్సు, దానికి తోడు ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ పర్మిట్. ఇంజనీరు అదే కారును తన పేరున తీసుకుంటే చిక్కే. యూరోపియన్ యూనియన్‌లో నివాసం ఉండేవాళ్లు, యూనియన్ బయట రిజిస్టరైన అద్దెకారును లోపలికి తెచ్చి విహారానికి తిప్పుకోవడాన్ని అక్కడి సుంకాల నిబంధనలు ఒప్పుకోవు. ఇంటికి తిరిగి వెళ్లడానికో, యూనియన్ దాటి పోవడానికో అయితే మినహాయింపు ఉంది. స్విట్జర్లాండ్ 2008 నుంచి షెంగెన్‌లో ఉంది కాబట్టి మనుషులను పాస్‌పోర్టు అడగడం అరుదు. యూనియన్ కస్టమ్స్ పరిధిలో మాత్రం అది లేదు. మనిషి దాటినంత తేలిగ్గా సామాను దాటదు. బావగారు నడిపితే వాహనం, బావమరిది నడిపితే సుంకం కట్టాల్సిన సరుకు.

ఇంజన్ విప్పి చూసినా, రంగు గీకి చూసినా ఆ కారులో స్విస్‌తనం ఎక్కడా దొరకదు. మరి ఉన్నదెక్కడ?

ఈ ప్రశ్న పాతదే. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో వాయవ్య భారతాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండర్‌కు, భిక్షువు నాగసేనుడికి మధ్య జరిగినట్టు చెప్పే సంభాషణ మిలిందపన్హ అనే పాలీ గ్రంథంలో ఉంది. రాజా, నడిచి వచ్చావా, ఎక్కి వచ్చావా అని భిక్షువు అడుగుతాడు. రథం మీద వచ్చానంటాడు రాజు. అయితే ఇరుసా రథం? చక్రాలా? కాడా? పగ్గాలా? అన్నీ కలిసిన కుప్పా? ఇవేవీ కాక వేరే ఏదైనానా? ఏదడిగినా రాజు కాదనే అంటాడు. రథం అనేది ఈ భాగాలను ఆసరా చేసుకుని పలికే పేరు మాత్రమేనని చివరికి తేలుతుంది. భిక్షువు తన పేరు గురించీ అదే మాట చెబుతాడు. నాగసేనుడు అన్న పిలుపు వెనక విడిగా ఒక మనిషి లేడట.

ఇక్కడ చాలామంది తొందరపడతారు. రథమే పేరైతే సరిహద్దూ పేరే, దేశాలన్నీ ఉత్త మాయ అని తేల్చేస్తారు. వేదిక మీద చెబితే చప్పట్లు పడే మాటే. కానీ ఆ పాత ఆచార్యులు చెప్పింది ఇది కాదు. రథం ఉత్త పేరేనని ఒప్పుకున్న రాజు దాన్ని అక్కడే వదిలేసి కాలినడకన కోటకు పోయాడని ఆ గ్రంథంలో లేదు మరి.

కృష్ణా తీరంలోని నాగార్జునకొండతో సంప్రదాయం ముడిపెట్టే ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో, ముఖ్యంగా 24వ ప్రకరణంలో, ఈ తొందరపాటునే ఎదుర్కొంటాడు. అంతా శూన్యమైతే మంచీ చెడూ, గురువూ శిష్యుడూ, చివరికి ధర్మమూ లేనట్టే కదా అన్నది ప్రత్యర్థి వాదన. రెండు సత్యాలున్నాయన్నది నాగార్జునుడి జవాబు. ఒకటి లోకం వ్యవహరించే సంవృతి సత్యం, రెండోది పరమార్థ సత్యం. మొదటిదాన్ని ఆధారం చేసుకోకుండా రెండోదాన్ని బోధించనే లేమంటాడు. వ్యవహారాన్ని ఆయన అబద్ధాల గంపలో పడేయలేదు. ఒకదాన్ని ఆనుకుని ఒకటి నిలబడుతుంది కాబట్టే అది పనిచేస్తుందని ఆయన వాదం.

అద్వైతులు మెట్లు మరింత వివరంగా వేశారు. ప్రాతిభాసికం, వ్యావహారికం, పారమార్థికం. మసక చీకట్లో తాడు పాములా కనిపించడం మొదటిది. దీపం తెస్తే ఆ పాము ఉండదు. సరిహద్దును ఆ పాముతో పోల్చేవాళ్లు దీపం పరీక్ష పెట్టి చూడాలి. కస్టమ్స్ అధికారి టార్చి వేసి నంబర్ ప్లేటు చదివేకొద్దీ, డాష్‌బోర్డు అరలోంచి అద్దె కాగితాలు తీయించేకొద్దీ సరిహద్దు మాయమవదు సరికదా, మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పదిమంది ఒప్పుకోగా నిలిచినదాన్ని ఒక్కడికి కలిగిన భ్రమతో ఒకే గాటన కట్టడం తర్కంలోనే పొరపాటు. అమెరికన్ తాత్వికుడు జాన్ సెర్ల్ 1995లో రాసిన సామాజిక వాస్తవికత పుస్తకంలో డబ్బును ఉదాహరణగా తీసుకుని చెప్పింది దీనికి దూరం కాదు. కాగితం డబ్బు కావడానికి అందరి అంగీకారమే కారణం. అలాగని దుకాణంలో అది చెల్లకుండా పోదు.

సరిహద్దును ఎలా వాడుకోవాలో బాగా తెలిసిన తాత్వికుడు ఆ కంచె రోడ్డు చివరి ఊళ్లోనే ఉండేవాడు. వోల్టేర్ 1755లో జెనీవాలో ఇల్లు తీసుకున్నాడు. ఇంట్లో నాటకాలు ఆడిస్తుంటే అక్కడి కాల్విన్ మతగురువులకు గిట్టలేదు. పారిస్‌లో రాజుగారి ఆదరణ అంతకుముందే పోయింది. 1758లో గీతకు ఫ్రాన్స్ వైపున్న ఫెర్నే కొన్నాడు. పారిస్ నుంచి ముప్పు వస్తే జెనీవా కూతవేటు దూరం, జెనీవా పాస్టర్లు సతాయిస్తే తానున్నది ఫ్రాన్స్. 1761లో అక్కడ చర్చి కట్టించి, ఏ సెయింటుకూ కాకుండా నేరుగా దేవుడికే అంకితమిచ్చి, ఆ శిలాఫలకం మీద తన పేరు కూడా చెక్కించుకున్నాడు. దేవుడి పేరు కంటే ఆయన పేరే పెద్ద అక్షరాల్లో ఉందని చూసినవాళ్లు నవ్వుకునేవారు. మత సహనం మీద గ్రంథం 1763లో వెలువడింది కూడా ఆయన ఈ ఊళ్లో ఉండగానే. మత హద్దులను వెక్కిరించిన మనిషి రాజ్యాల హద్దును ఆసరాగా వాడుకున్నాడు. దీన్ని కపటం అనుకోనక్కర్లేదు. వ్యవహారంలో గీతకు బలముందని గుర్తించినవాడే దాన్ని అలా వాడుకోగలడు.

కొండ మీద మాత్రం ఆ గీతకు ఇంత పట్టింపు లేదు. ఫ్రాన్స్‌లోని అవోరియా, స్విట్జర్లాండ్‌లోని షాంపెరీ ఒకే పోర్ట్ డ్యు సొలెయ్ స్కీ ప్రాంతంలోవి. ఒకే టికెట్టుతో పొద్దున్న ఒక దేశంలో జారి, మధ్యాహ్నం ఇంకో దేశంలో సూప్ తాగి రావచ్చు. కింద పార్కింగ్‌లో ఉన్న కారుకు అన్ని షరతులు, పైన కాళ్లకు కట్టుకున్న చెక్కలకు ఒక్కటీ లేదు.

మంచు ప్రకృతి, గీత కల్పన, కాబట్టి మంచే నిజం అనే మాట కూడా జెర్మాట్ పైన, చెర్వీనియా వైపు తిరిగే శిఖరాల దగ్గర తడబడుతుంది. అక్కడ స్విస్-ఇటలీ సరిహద్దు నీళ్లు ఎటు పారుతాయన్నదాన్ని బట్టి పోతుంది. 1984లో ఇటలీ నేల మీద కట్టిన రిఫుజో గుయిడే దెల్ చెర్వీనో అనే బస ఉంది. పక్కనున్న థియోడుల్ హిమానీనదం 1973, 2010 మధ్య దాదాపు పావు వంతు ద్రవ్యరాశి కోల్పోయింది. దాంతో నీళ్లు విడిపోయే వరుస జరిగింది. ఇల్లు అంగుళం కదలకుండానే అందులో చాలా భాగం స్విట్జర్లాండ్‌లోకి పోయింది. నిలకడగా ఉంటుందని నమ్మిన ప్రకృతి కదిలింది, కల్పన అనుకున్న దేశం పేరు మాత్రం అక్కడివాళ్లకు అవసరంగా మిగిలింది. రెండు దేశాల అధికారులు 2021లో ఫ్లోరెన్స్‌లో కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు. 2024 సెప్టెంబరులో స్విస్ ప్రభుత్వం ఆ మార్పును ఆమోదించింది. దాని ప్రకారం రిఫుజో ఇటలీలోనే ఉంటుంది, జరిగేది గీతే. కరగడం ఇంకా ఆగలేదు కాబట్టి ఆ కొండల మీద ఇలాంటి బేరాలు మళ్లీ రావచ్చు.